లక్షన్నర కిలోమీటర్లు తిరిగిన లగ్జరీ ఎస్‌యూవీ చవగ్గా వస్తోందా? గోదావరి జిల్లాల్లో కొనేముందు ఇవి చూసుకోండి

సంక్రాంతి మూడు రోజులూ భీమవరం చుట్టుపక్కల ఏ బరి దగ్గరకు వెళ్లినా పందెం కోళ్ల కన్నా ముందు కంట్లో పడేవి కార్లే. ఫార్చ్యూనర్లు, ఎండీవర్లు, అక్కడక్కడా ఆడి క్యూ7, రేంజ్ రోవర్. మన దగ్గర పెద్దబండి అంటే తిరగడానికి మాత్రమే కాదు, ఊళ్లో పరపతికి కూడా. కొత్తది కొనాలంటే నలభై యాభై లక్షల నుంచి కోటి దాకా పెట్టాలి. అదే సెకండ్ హ్యాండ్‌లో అయితే పన్నెండు లక్షలకో, పదిహేను లక్షలకో ఫోన్‌లో ఫొటోలు వచ్చేస్తాయి. 'సింగిల్ హ్యాండ్, షోరూమ్ కండిషన్, అర్జెంట్ సేల్' అని కింద ఒక లైను.

అసలు తిరకాసు ఇక్కడే ఉంది. బండి ధర పడిపోయింది గానీ, దాని స్పేర్ పార్టుల ధర పడిపోలేదు. రెండోతరం ఆడి క్యూ7 2015 డిసెంబర్‌లో మన దేశంలో విడుదలైనప్పుడు షోరూమ్ ధర 72 లక్షలు. అందులో ఐదో వంతుకే మీకు దొరికిందనుకోండి. రేపు హెడ్‌లైట్ పగిలితే షోరూమ్ వాళ్లు ఇచ్చేది 72 లక్షల బండి హెడ్‌లైటే. బిల్లు కూడా దానిదే. పదిహేను లక్షల బండికి పదిహేను లక్షల బండి ఖర్చే వస్తుందనుకుని దిగినవాళ్లే ఏడాది తిరక్కుండా మళ్లీ 'అర్జెంట్ సేల్' పెడుతున్నారు. మీకు కనిపిస్తున్న ప్రకటన అలాంటి వాళ్లదే కావచ్చు కూడా.

మొత్తం డబ్బు బండిలోనే పెట్టకండి

చేతిలో 15 లక్షలు ఉంటే 15 లక్షల బండి చూడకూడదు. 12 లక్షల్లో బండి చూసుకుని, 3 లక్షలు బ్యాంకులో ఉంచుకోవాలి. జర్మన్, బ్రిటిష్ బండ్లకైతే కొన్న ధరలో ఐదో వంతు నుంచి నాలుగో వంతు దాకా మొదటి రెండేళ్ల రిపేర్లకు పక్కన పెట్టడం మంచిది. ఫార్చ్యూనర్ లాంటి దానికి పదో వంతు, అటూ ఇటూగా. ఇది కంపెనీలు చెప్పే లెక్క కాదు, ఎక్కువ తిరిగిన బండిని బట్టి మేం చెబుతున్న అంచనా. ఆ డబ్బు ఖర్చు కాకపోతే సంతోషమే. ఎయిర్ సస్పెన్షన్ ఒక మూల దిగబడినా, గేర్‌బాక్స్ మొరాయించినా అప్పుడు వడ్డీకి తేవాల్సిన అవసరం రాదు.

మన జిల్లాల్లో ఇది మరీ ముఖ్యం. చాలామందికి ఆదాయం నెలనెలా రాదు. పంట చేతికొచ్చినప్పుడో, చెరువు పట్టుబడి అయినప్పుడో ఒక్కసారిగా వస్తుంది. ఆ ఊపులో బండి కొనేస్తారు. రిపేరు మాత్రం పట్టుబడి దాకా ఆగదు కదా. రొయ్య ధర పడిపోయిన నెలలోనే టర్బో పోవచ్చు.

బ్యాంకు లోను మీద కొనేవాళ్లు ఇంకో మాట గుర్తుంచుకోవాలి. పాత కారు లోనుకు వడ్డీ కొత్త కారు లోను కన్నా ఎక్కువే ఉంటుంది. బండి మరీ పాతదైతే చాలా బ్యాంకులు లోనే ఇవ్వవు. అప్పుడు బయట ఫైనాన్స్‌కు వెళ్తారు. కిస్తీ, రిపేరు రెండూ ఒకే నెలలో పడితే బండి షెడ్డులో, కిస్తీ ఇంట్లో.

మీటరు చెప్పేది నమ్మొచ్చా?

డిజిటల్ మీటరు వచ్చాక కిలోమీటర్లు తగ్గించడం కష్టం అనుకుంటాం. నిజానికి ల్యాప్‌టాప్, చిన్న మెషీన్ ఉంటే అరగంట పని. అందుకే మీటరు మీద అంకెను పక్కన పెట్టి మిగతావి చూడండి. డ్రైవర్ సీటు తలుపు వైపు అంచు నలిగిపోయి, బ్రేక్ పెడల్ రబ్బరు నున్నగా అరిగి, స్టీరింగ్ తోలు మెరుస్తూ ఉండి, మీటరు మాత్రం 60 వేలు చూపిస్తే అనుమానించాల్సిందే. టైరు పక్కన నాలుగంకెల నంబరు ఉంటుంది. మొదటి రెండూ వారం, చివరి రెండూ సంవత్సరం. 1421 అంటే 2021లో పద్నాలుగో వారం. 40 వేలే తిరిగిందంటున్న బండికి రెండోసారి మార్చిన టైర్లు ఉంటే లెక్క ఎక్కడో తేడా కొడుతున్నట్టే.

అన్నిటికన్నా గట్టి సాక్ష్యం షోరూమ్ సర్వీస్ రికార్డు. బండి ఛాసిస్ నంబరుతో అధీకృత సర్వీస్ సెంటర్‌లో అడిగితే ఏ తేదీన ఎన్ని కిలోమీటర్ల దగ్గర ఏం పని జరిగిందో తెలుస్తుంది. ఓనరు అనుమతి కావాలంటారు, కాబట్టి అమ్మేవాడితోనే ఫోన్ చేయించండి. లగ్జరీ బండ్లలో ఇంకో సౌకర్యం ఉంది. కిలోమీటర్ల లెక్క మీటరులోనే కాకుండా వేరే కంప్యూటర్లలో కూడా నిల్వ ఉంటుంది. చాలా బీఎండబ్ల్యూ మోడళ్లలో తాళంలో సైతం ఉంటుంది. సర్వీస్ సెంటర్‌లో తాళాన్ని రీడర్ మీద పెడితే లెక్క బయటపడుతుంది. మీటరు తిప్పినవాడు అన్నీ తిప్పి ఉండకపోవచ్చు.

అలాగని తక్కువ తిరిగిన బండే మంచిదని కాదు. హైదరాబాద్-విజయవాడ హైవే మీద వేళకు సర్వీస్ చేయించుకుంటూ లక్షన్నర తిరిగిన డీజిల్ బండి, ఎన్నారై ఇంటి షెడ్డులో ఏడాదికి రెండుసార్లు బయటికొచ్చిన 35 వేల బండి కన్నా చాలాసార్లు మెరుగు. నిలబడిన బండిలో ఆయిల్ సీళ్లు ఎండిపోతాయి, బ్యాటరీ చస్తుంది, టైర్లు గట్టిపడతాయి. పక్కనే వరి చేలు ఉంటే ఎలుకల సంగతి చెప్పక్కర్లేదు. బానెట్ కింద వైరింగ్ కొరికేస్తే, ఎక్కడ తెగిందో వెతకడానికే రోజులు పడుతుంది.

నీళ్లలో మునిగిన బండి: మన దగ్గర అసలు ప్రమాదం ఇదే

గోదావరి జిల్లాల్లో పాత బండి కొనేవాళ్లు మొదట వెతకాల్సింది యాక్సిడెంట్ గుర్తులు కాదు, నీటి గుర్తులు. ధవళేశ్వరం దగ్గర నీటిమట్టం 11.75 అడుగులకు చేరితే మొదటి ప్రమాద హెచ్చరిక, 13.75కి రెండోది, 17.75కి మూడోది. 2022 జూలైలో మూడో హెచ్చరిక దాటి, బ్యారేజీ నుంచి 25 లక్షల క్యూసెక్కులకు పైగా వరద సముద్రంలోకి వెళ్లింది. లంక గ్రామాలు రోజుల తరబడి నీళ్లలోనే ఉన్నాయి. ఆ టైంలో ఏటిగట్టు ఎక్కించిన బండ్లు కొన్ని, ఎక్కించలేకపోయినవి కొన్ని.

బయటి నుంచి వచ్చేవీ ఉన్నాయి. 2015 డిసెంబర్‌లో చెన్నై, 2020 అక్టోబర్‌లో హైదరాబాద్, 2023 డిసెంబర్‌లో మిచౌంగ్ తుపానుకు మళ్లీ చెన్నై. 2024 సెప్టెంబర్ మొదట్లో బుడమేరు పొంగి విజయవాడ సింగ్ నగర్ ప్రాంతమంతా మునిగింది. సెల్లార్లలో, వీధుల్లో కార్లు పైకప్పుల దాకా నీళ్లలో ఉన్న దృశ్యాలు అందరూ చూశారు. ఇలాంటి బండ్లను ఇన్సూరెన్స్ కంపెనీలు టోటల్ లాస్ కింద తీసేసి, తుక్కు వేలంలో అమ్ముతాయి. కొన్నవాళ్లు విడిభాగాలుగా అమ్ముకుంటే పర్వాలేదు. కొందరు ఆరబెట్టి, సీటు కవర్లు మార్చి, పాలిష్ కొట్టి, వేరే జిల్లాలో నిలబెడతారు. విజయవాడ బండి విజయవాడలో అమ్మడం కష్టం. రాజమండ్రిలో, తణుకులో, అమలాపురంలో సులువు.

మామూలు చిన్న కారు మునిగితే ఎండబెట్టి నడిపించొచ్చేమో. లగ్జరీ ఎస్‌యూవీలో అలా కుదరదు. ఎందుకంటే ఖరీదైన సరుకంతా కిందే ఉంటుంది. మొదటితరం ఆడి క్యూ7లో బ్యాటరీ ముందు సీటు కింద ఉంటుంది. మెర్సిడెస్ ఎంఎల్ క్లాస్‌లో ముందు సీటు కింద, బీఎండబ్ల్యూ ఎక్స్5లో డిక్కీ అడుగున. చాలా బండ్లలో కంప్యూటర్ మాడ్యూళ్లు, వైరింగ్ జాయింట్లు కార్పెట్ కిందే పోతాయి. మోకాలి లోతు నీరు లోపలికి వస్తే చాలు. అప్పటికి బాగానే ఉన్నట్టు ఉంటుంది. ఆర్నెల్లు, ఏడాది తర్వాత పిన్నులు పచ్చగా తుప్పు పట్టి, ఒకరోజు అద్దం దిగదు, మర్నాడు ఎయిర్‌బ్యాగ్ లైటు, ఆ తర్వాత బండి స్టార్టే కాదు.

ఎలా కనిపెట్టాలి? సీటు బెల్టును చివరిదాకా లాగండి. సీటు కవరు మార్చినవాడు బెల్టు చివరి అడుగు కడగడం మర్చిపోతాడు. అక్కడ బురద గీత ఉంటే ఇంక మాట్లాడాల్సిన పనిలేదు. స్టెప్నీ గుంతలో వేలు పెట్టి రుద్దండి, ఒండ్రు మట్టి ఉందా చూడండి. సీటు పట్టాలు, సీటు కింద బోల్టులు తుప్పు పట్టాయా? కార్పెట్ అంచు ఎత్తి కింద స్పాంజ్ వాసన చూడండి. హెడ్‌లైట్ లోపల ఆవిరి గీతలున్నాయా? పదేళ్ల బండిలో కార్పెట్ మాత్రం కొత్తగా ఉన్నా, లోపల సెంటు గుప్పుమంటున్నా, ఎందుకని అడగండి. బండిని ఎండలో అద్దాలు మూసి గంట నిలబెట్టి తలుపు తీయడం ఇంకో చిట్కా. దాచిన వాసన ఎండకు బయటికొస్తుంది.

ఉప్పు గాలి, చెరువు గట్టు

నీటి తర్వాత ఉప్పు. నరసాపురం, మొగల్తూరు, అంతర్వేది, ఉప్పాడ వైపు తిరిగిన బండి, ఉప్పునీటి చెరువుల గట్ల మీద రోజూ తిరిగిన బండి పైకి ఎంత మెరిసినా కింద వేరే కథ చెబుతుంది. ఫార్చ్యూనర్, ఎండీవర్ లాంటివి నిచ్చెన ఛాసిస్ మీద కట్టిన బండ్లు. లారీలాగే ఉక్కు ఫ్రేము మీద బాడీ కూర్చుంటుంది. ఆ ఫ్రేముకు తుప్పు పడితే పైన పెయింట్ వేసి అమ్ముతారు. అందుకే బండిని లిఫ్ట్ మీద ఎక్కించి చూడాలి. కింద అంతా తాజాగా నల్ల పెయింట్ కొట్టి ఉంటే సంతోషించకండి. స్క్రూడ్రైవర్ మొనతో జాయింట్ల దగ్గర మెల్లగా తట్టండి, పొరలు రాలితే వదిలేయండి. బ్రేక్ పైపులు, ఏసీ కండెన్సర్ రెక్కలు కూడా ఉప్పుగాలికి తొందరగా పోతాయి. తీరం బండికి ఏసీ పదేపదే గ్యాస్ ఖాళీ అవుతోందంటే కారణం చాలాసార్లు అదే.

ఏ బండికి ఏ రోగం?

టొయోటా ఫార్చ్యూనర్ 2009లో వచ్చింది. 2016 నవంబర్ దాకా అమ్మిన మొదటితరం 3.0 లీటర్ డీజిల్ ఇంజిన్‌కు టైమింగ్ బెల్ట్ ఉంటుంది. దాదాపు లక్షన్నర కిలోమీటర్లకు మార్చాలి. మార్చినట్టు బిల్లు చూపించకపోతే మార్చలేదనే లెక్క. అది తెగితే ఇంజిన్ లోపల వాల్వులు దెబ్బతింటాయి. 2016లో వచ్చిన 2.8 ఇంజిన్‌కు చైన్ ఉంటుంది కాబట్టి ఆ బెడద లేదు. ఇంజెక్టర్లు, డిఫరెన్షియల్ చప్పుడు, ముందు బుష్‌లు చూసుకుంటే చాలావరకు సరిపోతుంది. దీని బలమంతా రాజమండ్రి షెడ్డులో కూడా దీన్ని తెలిసిన మెకానిక్ దొరకడమే. అందుకే రెండు లక్షలు తిరిగినా ధర దిగదు. బేరం పెద్దగా ఉండదు, భయమూ పెద్దగా ఉండదు.

ఫోర్డ్ ఎండీవర్ కథ వేరు. 2021 సెప్టెంబర్‌లో ఫోర్డ్ మన దేశంలో కార్ల తయారీ ఆపేస్తున్నట్టు ప్రకటించింది. దాంతో పాత ఎండీవర్ల ధర తగ్గింది. సర్వీసు, స్పేర్లు కొనసాగిస్తామని కంపెనీ చెప్పింది. అయినా కొన్ని పార్టులకు ఎదురుచూపులు తప్పవు. బండి మాత్రం గట్టిది. 3.2 లీటర్ల ఐదు సిలిండర్ల ఇంజిన్ విషయంలో ఒక చిన్న జాగ్రత్త చాలామంది స్థానిక మెకానిక్‌లకు తెలియదు. ఆయిల్ మార్చేటప్పుడు డ్రెయిన్ బోల్టు తీసి టీ తాగడానికి వెళ్లకూడదు. పది నిమిషాల కన్నా ఎక్కువసేపు ఆయిల్ ఖాళీగా వదిలేస్తే పంపులోకి గాలి చేరి, మళ్లీ స్టార్ట్ చేసినప్పుడు ఆయిల్ ఎక్కకపోవచ్చు. ఇంజిన్ అక్కడికక్కడే పట్టేస్తుంది. 'మొత్తం కారిపోనివ్వండి' అనే మన అలవాటు ఈ ఇంజిన్‌కు శత్రువు.

ఇక యూరప్ బండ్లు. వీటిలో ఎక్కువ తిరిగాక మొదట పలికేది ఎయిర్ సస్పెన్షన్. రాత్రి సమంగా నిలబెట్టిన బండి తెల్లారేసరికి ఒక మూల కుంగి ఉంటే గాలి బ్యాగు కారుతున్నట్టు. ఒక్కో మూలకు షోరూమ్‌లో లక్షకు అటూ ఇటూ అవుతుంది. కారుతున్న బ్యాగును నింపీ నింపీ కంప్రెసర్ కూడా కాలిపోతుంది, అది వేరే బిల్లు. కాబట్టి బండి చూడటానికి పొద్దున్నే చెప్పకుండా వెళ్లడం మంచిది.

బీఎండబ్ల్యూ ఆరు సిలిండర్ల డీజిల్, ఆడి 3.0 డీజిల్ ఇంజిన్లలో టైమింగ్ చైన్ ఇంజిన్ వెనక, గేర్‌బాక్స్ వైపు ఉంటుంది. చైన్ సాగితే పార్టు ఖర్చు కన్నా అక్కడికి చేరుకునే కూలీ ఎక్కువ, ఎందుకంటే ఇంజిన్‌నో గేర్‌బాక్స్‌నో దించాలి. పొద్దున చల్లటి ఇంజిన్ స్టార్ట్ చేసిన మొదటి రెండు మూడు సెకన్లలో వెనక నుంచి గలగల వినిపిస్తే అదే. మెర్సిడెస్ 3.0 వీ6 డీజిల్‌లో ఇంజిన్ మధ్యలో ఉండే ఆయిల్ కూలర్ సీళ్లు కారడం తెలిసిన జబ్బు. సీళ్లు చవకే, కానీ పైన ఉన్నదంతా ఊడదీయాలి. ల్యాండ్ రోవర్ 3.0 డీజిల్‌లో క్రాంక్‌షాఫ్ట్ విరిగిన ఉదంతాలు ప్రపంచమంతటా ఉన్నాయి. అంటే కొత్త ఇంజిన్ మాటే. సర్వీస్ రికార్డు పూర్తిగా లేని పాత రేంజ్ రోవర్ ఎంత చవగ్గా ఇచ్చినా వద్దనే మా సలహా.

గేర్‌బాక్స్ గురించి ఒక భ్రమ ఉంది. 'ఇది లైఫ్‌టైమ్ ఆయిల్ అండీ, మార్చక్కర్లేదు' అంటారు. బీఎండబ్ల్యూ ఎక్స్5, రేంజ్ రోవర్, రెండోతరం క్యూ7లలో వాడే 8 స్పీడ్ ఆటోమేటిక్ గేర్‌బాక్స్ తయారు చేసేది జర్మనీకి చెందిన జెడ్ఎఫ్ కంపెనీ. ఆ కంపెనీయే 80 వేల నుంచి లక్షా 20 వేల కిలోమీటర్ల మధ్య ఆయిల్ మార్చమంటోంది. లక్షన్నర తిరిగి ఒక్కసారీ ఆయిల్ మార్చని బండి అయితే, ఆ ఖర్చును బేరంలోనే తగ్గించమనండి.

బీఎస్6 డీజిల్ బండ్లలో పొగలో మసిని పట్టే డీపీఎఫ్ ఫిల్టర్ ఉంటుంది. అది తనంతట తాను శుభ్రం కావాలంటే హైవే మీద కాసేపు ఆగకుండా నడవాలి. దేవీచౌక్ నుంచి ఇంటికి, ఇంటి నుంచి దేవీచౌక్‌కు తిరిగే బండికి ఆ అవకాశం రాదు. ఫిల్టర్ మూసుకుపోతుంది. దాన్ని కోసి తీసేస్తామనే షెడ్లు ఉన్నాయి. అది కాలుష్య నిబంధనలకు విరుద్ధం. తీసేసిన బండిని మీకు అంటగడితే మళ్లీ వేయించే ఖర్చు మీదే.

టెస్ట్ డ్రైవ్ ఘాట్ రోడ్డు మీదే

డెల్టాలో రోడ్లన్నీ బల్లపరుపు. కూలింగ్ సమస్య ఉన్న బండి కూడా రావులపాలెం దాకా హాయిగా వెళ్లొస్తుంది. అందుకే వీలైతే మారేడుమిల్లి ఘాట్ ఎక్కించండి. నలుగురు కూర్చుని, ఏసీ ఫుల్ పెట్టి, మలుపుల్లో ఎక్కిస్తే ఇంజిన్ వేడి, గేర్ల కుదుపు, టర్బో బలం అన్నీ బయటపడతాయి. దిగేటప్పుడు బ్రేకులు. అంత దూరం ఒప్పుకోకపోతే కనీసం కొవ్వూరు వంతెన జాయింట్ల మీద నెమ్మదిగా నడిపి కింద చప్పుళ్లు వినండి, తర్వాత జాతీయ రహదారి మీద ముప్పై కిలోమీటర్లు. మీరు వెళ్లేసరికే ఇంజిన్ వేడిగా ఉంటే, ముందే స్టార్ట్ చేసి ఉంచారన్నమాట. బానెట్ మీద చెయ్యి పెట్టి చూడండి. చల్లారాక మళ్లీ వస్తామని చెప్పండి.

మంచి స్కానర్ ఉన్న మనిషిని వెంట తీసుకెళ్లడం తప్పనిసరి. అమ్మేముందు ఫాల్ట్ కోడ్లు చెరిపేయడం అందరికీ తెలిసిన విద్యే. అయితే కోడ్లు చెరిపాక ఎన్ని కిలోమీటర్లు తిరిగిందో కూడా చాలా బండ్లలో స్కానర్ చెబుతుంది. 'నిన్ననే 12 కిలోమీటర్ల కిందట చెరిపారు' అని తేలితే ఏం దాచారో అడగండి.

రాజమండ్రి నుంచి విజయవాడ 150 కిలోమీటర్ల పైచిలుకు, విశాఖ 190 దాకా. యూరప్ బండ్లకు అధీకృత సర్వీస్ కావాలంటే ఎక్కువగా ఈ రెండు ఊళ్లకో, హైదరాబాద్‌కో పోవాలి. కొనకముందే ఒకసారి బండిని అక్కడికి పంపి పూర్తి చెకప్ చేయించండి. ఆ ఫీజు మీరే కట్టుకోండి, మొహమాటపడొద్దు. అమ్మేవాడు ససేమిరా అంటే మీకు సమాధానం దొరికినట్టే.

కాగితాలు

ఇదివరకు నంబరు ప్లేటు చూసి బండి ఏ జిల్లాదో చెప్పేవాళ్లం. ఏపీ 05 అయితే తూర్పు, ఏపీ 37 అయితే పశ్చిమ. 2019 నుంచి రాష్ట్రమంతటికీ ఏపీ 39 వచ్చాక ఆ వీలు పోయింది. ఇప్పుడు ఎంపరివాహన్ యాప్‌లో నంబరు కొడితే ఎన్నో ఓనరు, ఇన్సూరెన్స్ ఎప్పటిదాకా, ఫైనాన్స్ ఉందా అన్నీ కనిపిస్తాయి. 'సింగిల్ హ్యాండ్' అన్న బండి అక్కడ మూడో ఓనరు అని తేలడం కొత్తేమీ కాదు. పెండింగ్ చలాన్లు కూడా చూడండి.

ఫైనాన్స్ ఉంటే బ్యాంకు ఎన్‌వోసీ, ఫారం 35 లేకుండా డబ్బు ఇవ్వొద్దు. పేరు మార్పుకు ఫారం 29, 30. కొన్నవారు 30 రోజుల్లోపు దరఖాస్తు చేసుకోవాలి. ఓపెన్ సంతకాల మీద బండి చేతులు మారే పద్ధతి మన కన్సల్టెన్సీల్లో ఇంకా ఉంది. అమ్మేవాళ్లకే అది ఎక్కువ ప్రమాదం. సి-బుక్‌లో ఎవరి పేరుంటే ప్రమాదం జరిగినప్పుడు వారే ఓనరని 2018లో సుప్రీంకోర్టు స్పష్టంగా చెప్పింది. ఇన్సూరెన్స్ కూడా 14 రోజుల్లోపు మీ పేరు మీదకు మార్పించుకోవాలి. పాత ఓనరు నో క్లెయిమ్ బోనస్ మీకు రాదు, అది మనిషికి చెందింది, బండికి కాదు.

హైదరాబాద్ బండి అయితే టీఎస్, టీజీ నంబరుతో వస్తుంది. అక్కడి నుంచి ఫారం 28 మీద ఎన్‌వోసీ తెచ్చి, ఏడాది లోపు ఇక్కడ రీ-రిజిస్ట్రేషన్ చేయించి, బండి వయసును బట్టి లైఫ్ ట్యాక్స్ కట్టాలి. ఖరీదైన బండికి ఆ పన్ను లక్షల్లో ఉంటుంది. బేరం చేసేటప్పుడు అది కలుపుకోకపోతే చవక బండి చవక కాదు. ఢిల్లీ బండ్లకూ ఇదే లెక్క. పదేళ్లు దాటిన డీజిల్ బండ్లు ఢిల్లీ చుట్టుపక్కల తిరగకూడదన్న ఆంక్షల వల్ల అక్కడ ధరలు పడిపోయి, చాలా బండ్లు దక్షిణాదికి వచ్చాయి. 2025 జూలై 1 నుంచి వాటికి బంకుల్లో ఇంధనం ఆపుతామని చెప్పి, రెండు మూడు రోజుల్లోనే వెనక్కి తగ్గారు. ఎన్‌వోసీ చేతికి రాకముందు అలాంటి బండికి అడ్వాన్స్ కూడా ఇవ్వకండి. మరీ అరుదైన దిగుమతి బండి నమ్మలేని ధరకు వస్తే కస్టమ్స్ కాగితాలు అడగండి. 2025 సెప్టెంబర్‌లో భూటాన్ మీదుగా వచ్చిన బండ్ల కోసం కేరళలో కస్టమ్స్ అధికారులు పెద్దఎత్తున సోదాలు చేశారు. ఇలాంటి బండి పట్టుబడితే సీజ్ అయ్యేది ఇప్పుడు ఎవరి దగ్గరుందో వారి నుంచే.

కొన్నాక మొదటి నెల

అమ్మినాయన 'మొన్నే సర్వీస్ చేయించా' అన్నా సరే, అన్ని ఆయిళ్లు, ఫిల్టర్లు, కూలెంట్, బ్రేక్ ఆయిల్ మార్చేయండి. అక్కడి నుంచి లెక్క మీ చేతుల్లో ఉంటుంది. ఇంజిన్ ఆయిల్ కంపెనీ చెప్పిన రకమే పోయించాలి. బీఎండబ్ల్యూ లాంటి బండ్లకు బ్యాటరీ మారిస్తే కొత్త బ్యాటరీ వేశామని స్కానర్‌తో బండికి చెప్పాలి. లేకపోతే పాత బ్యాటరీ అనుకునే ఛార్జ్ చేసి, కొత్తదాన్ని త్వరగా చంపేస్తుంది. బ్యాటరీ షాపులో మార్చేసి పంపేస్తారు, ఈ మాట ఎవరూ చెప్పరు.

ఇన్సూరెన్స్‌లో ఇంజిన్ ప్రొటెక్ట్ దొరుకుతుందేమో గట్టిగా అడగండి. పాత బండ్లకు చాలా కంపెనీలు ఇవ్వవు, ఇచ్చే కంపెనీ కోసం నాలుగు చోట్ల వెతకడం దండగ కాదు. మామూలు ఫుల్ ఇన్సూరెన్స్ వరద నష్టం ఇస్తుంది గానీ, నీళ్లలో స్టార్ట్ చేయడం వల్ల ఇంజిన్ పగిలితే ఈ కవర్ లేకుండా ఇవ్వనంటుంది.

ఎండీవర్ 800 మిల్లీమీటర్ల నీటిలో వెళ్తుందని బ్రోచర్‌లో రాశారు. అది కొత్త బండికి, కొత్త సీళ్లకు రాసిన మాట. లక్షన్నర తిరిగిన బండితో కనకాయలంక కాజ్‌వే లాంటి చోట వరద నీటిలోకి దిగకండి. ఒకవేళ నీళ్లలో ఆగిపోతే మళ్లీ తాళం తిప్పొద్దు, స్టార్ట్ బటన్ నొక్కొద్దు. వీలైతే బ్యాటరీ తీసేసి, ఫొటోలు తీసి, ఇన్సూరెన్స్ కంపెనీకి ఫోన్ చేయండి. ట్రాక్టర్‌కు తాడు కట్టి లాగించొద్దు. నాలుగు చక్రాలూ తిరిగే బండిని రెండు చక్రాలెత్తి లాగితే గేర్‌బాక్స్, ట్రాన్స్‌ఫర్ కేస్ దెబ్బతింటాయి. బండి మొత్తం పైకెక్కించుకునే ఫ్లాట్‌బెడ్ రికవరీ బండినే పిలవండి. దాని నంబరు వరదలు రాకముందే ఫోన్‌లో సేవ్ చేసి ఉంచుకోండి.